గ్రోత్ కోన్ గారికి ఒక అద్దె ఇంటివాడి లేఖ

మహారాజశ్రీ గ్రోత్ కోన్ గారి సముఖానికి,

బెంగళూరులో పద్నాలుగేళ్లుగా అద్దె ఇళ్లలో కాపురముంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది. ఎదుగుతున్న నాడీకణం తన ఆక్సాన్‌ను, అంటే సంకేతాలు మోసే పొడవాటి పోగును, చాచినప్పుడు దాని కొసన వేళ్లతో తడుముకుంటున్నట్టు ముందుకు పాకే మిమ్మల్ని 1890లో కోడి పిండపు వెన్నుపాములో గుర్తించి పేరు పెట్టినవాడు స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ యి కహాల్. నాటినుంచి మిమ్మల్ని పొగిడేవారికి కొదవ లేదు కనుక నేను నా ఈర్ష్యను మాత్రమే విన్నవించుకుంటాను.

మా చిరునామాలో స్టేజ్, బ్లాక్, మెయిన్, క్రాస్ అన్నీ ఉన్నాయి. అయినా మొన్న రాత్రి బిర్యానీ తెచ్చిన కుర్రాడు మరో స్టేజ్‌లోని అదే క్రాస్‌లో నిలబడి, "గేటు దగ్గరే ఉన్నాను సార్" అని మూడుసార్లు ఫోన్ చేశాడు. మీకు ఫోనూ లేదు, మ్యాపూ లేదు. రమ్మనే రసాయనం తగిలితే అటు సాగుతారు, వద్దనేది తగిలితే ముడుచుకుంటారు. రమ్మనేవాటిలో ఒకదానికి, దారి చూపేవాడని అర్థమున్న సంస్కృత పదం నుంచి నెట్రిన్ అని పేరు పెట్టారు. మన నేతలదీ ఆ పదమే; పోలిక అంతటితో సరి. ఆ నెట్రిన్ పిలుపుకు వెన్నుపాము మధ్యగీత దాకా పరుగున వచ్చి, గీత దాటగానే ఆ పిలుపే వినబడనట్టుండి, స్లిట్ అనే ప్రోటీన్ వెనక్కి రావద్దంటే మారుమాట లేకుండా సాగిపోయే మీ ఆక్సాన్‌ను చూస్తే, సాయంత్రం ట్రాఫిక్‌లో నలిగి మా ఊరి సిల్క్ బోర్డ్ కూడలి దాటిన మనిషి గుర్తుకొస్తాడు.

ఇక ఫిర్యాదు మీ మొండితనం గురించి. 1940లలో అమెరికా శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ కప్పల కంటి నరం కోసి, కనుగుడ్డును తలకిందులుగా తిప్పి ఉంచాడు. నరం మళ్లీ పెరిగింది. మీరు ప్రతి పోగునూ మెదడులో దాని పాత చిరునామాకే చేర్చి చేతులు దులుపుకున్నారు. ఈగ పైన ఉంటే కప్ప కిందికి దూకింది. ఎన్నాళ్లు గడిచినా దిద్దుకోలేకపోయింది. చిరునామా మార్పు కోసం నేను పెట్టుకున్న దరఖాస్తు మీద ఒక కార్యాలయం చూపిన నిష్ఠ కూడా అచ్చం ఇదే. స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది గాని అది వేరే పనికి. కప్పకు ఈగ కూడా దక్కలేదు.

గమ్యం చేరి సినాప్స్‌గా, అంటే మరో కణానికి సంకేతం అందించే సంధిగా, మారాకైనా మీకు స్థిరనివాసం ఉందా అంటే, అదీ లేదు. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలో ఒక్కో కండరపు పోగును పలు ఆక్సాన్లు పట్టుకుని ఉంటాయి. సుమారు రెండు వారాల్లో పోటీ తేలి ఒక్కటే మిగులుతుంది, తక్కినవి కొసలు ముడుచుకుని వెనుదిరుగుతాయి. అలా ఖాళీ చేసేవారి అడ్వాన్సులో పెయింటింగ్ పేరిట నెల అద్దె కోస్తారా, లేదా అన్నదే పది నెలల అడ్వాన్సు కట్టిన నా సందేహం. జవాబు మల్లేశ్వరంలోని పాత ఇంటికే పంపండి. కొత్త ఇంటికి ఉత్తరాలు ఇంకా రావడం లేదు.

ఇట్లు,
మీ విధేయుడు