ఊరికే ఆడుకునే పిల్లల్ని ఏం చేద్దాం?

క్రిస్మస్ సెలవులు వచ్చేసరికి టెక్సాస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ సీజన్ ముగుస్తుంది. బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ లెండి. ఆగస్టు ఎండలో హెల్మెట్లు బిగించుకుని మొదలెట్టిన ప్రాక్టీసు, పది వారాల మ్యాచ్‌లు, నవంబరు ప్లేఆఫ్‌లు, ఆర్లింగ్టన్‌లో డాలస్ కౌబాయ్స్ అనే ప్రొఫెషనల్ జట్టు స్టేడియంలో ఫైనళ్ళు, అన్నీ అయిపోతాయి. అసలు పోటీ అప్పుడు మొదలవుతుంది. జాబితాల పోటీ.

ఇండియాలో ఉన్న బంధువుల కోసం రెండు ముక్కలు. ఇక్కడ ప్రభుత్వ బడుల పోటీలన్నీ యూఐఎల్ అనే సంస్థ చూసుకుంటుంది. అది రెండేళ్ళకోసారి పిల్లల సంఖ్యను బట్టి స్కూళ్ళను వన్ ఏ నుంచి సిక్స్ ఏ దాకా ఆరు తరగతులు చేసి, ఆరో ఏడో ఎనిమిదో స్కూళ్ళను ఒక గుంపుగా కడుతుంది. ఆ గుంపు పేరు డిస్ట్రిక్ట్. కలెక్టరు ఉండడు, కంగారుపడకండి. సీజన్ అయ్యాక ఆ డిస్ట్రిక్ట్‌లోని కోచ్‌లే ఓట్లు వేసుకుని మేటి ఆటగాళ్ళను ఎంపిక చేస్తారు. ఎవరి పిల్లల పేర్లు వాళ్ళే ప్రతిపాదిస్తారు. "మీ లైన్‌బ్యాకర్‌కి నేను చెయ్యెత్తుతా, మా రిసీవర్‌కి మీరెత్తండి" అని ఎవరూ ఎవరితోనూ అనరని నా ప్రగాఢ విశ్వాసం.

అలా తయారైన ఆల్ డిస్ట్రిక్ట్ జాబితా ఉంటుంది చూడండి, దాన్ని నిలబడి చదవకూడదు, కాళ్ళు లాగుతాయి. ముందు మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్. ఆ తర్వాత దాడిలో మేటి, రక్షణలో మేటి, కొత్తగా వచ్చినవాళ్ళలో మేటి. ఇద్దరి మధ్య ఎటూ తేలకపోతే ఇద్దరూ మేటే. ఆ పైన ఫస్ట్ టీమ్, సెకండ్ టీమ్. ఇవన్నీ దాటాక ఆనరబుల్ మెన్షన్, అంటే పేరు మాత్రం ప్రస్తావించినవాళ్ళు, అనే మహాసముద్రం. మనకిదేమీ కొత్త కాదులెండి. ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడు టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ఊపిరి తీసుకోకుండా చదివే గొంతు విని పెరిగినవాళ్ళం. ఒకటో ర్యాంకు ఒక్కరికే రావాలన్న సంకుచిత భావం మనకెప్పుడూ లేదు.

ఈ జాబితా మరీ పొడుగైందని గొణిగేవాళ్ళున్నారు. వాళ్ళకు లెక్కలు రావు. అమెరికాలో దాదాపు 10 లక్షల మంది హైస్కూల్లో ఈ ఆట ఆడతారు. కాలేజీ జట్టులో చోటు దొరికేది నూటికి సుమారు ఏడుగురికి. మిగతా 93 మందీ రేపు యాభై ఏళ్ళ వయసులో బొజ్జ నిమురుకుంటూ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలా వద్దా? జాబితా పొడుగు తగ్గించడం సామాజిక అన్యాయం. ప్లేఆఫ్‌లు చూసి నేర్చుకోవాలి. ఆరు జట్లున్న డిస్ట్రిక్ట్‌లో కూడా నాలుగు జట్లు ప్లేఆఫ్‌కు వెళ్తాయి. గెలిచిన మ్యాచ్‌ల కన్నా ఓడినవి ఎక్కువున్న జట్టు కూడా ఛాంపియన్‌షిప్ వేటకు బయల్దేరుతుంది, వెనక బ్యాండు, ముందు చీర్‌లీడర్లు.

ఎంపిక శాస్త్రీయంగా జరగదన్న ఆరోపణ కూడా తప్పే. అఫెన్సివ్ లైన్‌మెన్ సంగతే తీసుకోండి. ముందు వరసలో ఉండే అయిదుగురు భారీకాయులు. మామూలుగా బంతి విసరరు, పట్టరు, దాంతో పరుగెత్తరు. గజాల లెక్కలో వాళ్ళ పేరుండదు. మరి ఎవరు గొప్పో ఎలా తేలుతుంది? పాన్‌కేక్ లెక్క అని ఒకటుంది. ఎదుటివాణ్ణి అట్టులా వెల్లకిలా పడేస్తే ఒక పాన్‌కేక్. ఎన్ని వేశాడో వీడియో చూసి లెక్కపెట్టేది సాధారణంగా సొంత కోచింగ్ బృందమే. ఇంటి తాసు, ఇంటి తూకం. ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకైతే తట్టడం లేదు.

మన తెలుగువాళ్ళకు ఈ వ్యవహారంలో మొదట అంత ఆసక్తి ఉండేది కాదు. డాలస్ శివార్లలో ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగ్ చూస్తాం, స్టేడియం వైపు చూడం. శుక్రవారం రాత్రి ఆ లైట్ల వెలుగు పెరట్లో పడినప్పుడే అటు ఒకటుందని తెలుస్తుంది. పిల్లాడు బ్యాండులో ట్రంపెట్ ఊదుతుంటే వెళ్ళి, హాఫ్‌టైమ్ షో వీడియో తీసుకుని, మూడో క్వార్టర్‌కల్లా పార్కింగ్‌లోంచి బయటపడటమే మన క్రీడాభిమానం. అయితే అకడమిక్ ఆల్ డిస్ట్రిక్ట్ అని మరో జాబితా ఉందనీ, అందులోకి మార్కుల సగటు చూసి తీసుకుంటారనీ ఎవరో మన వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ రాత్రి చాలా ఇళ్ళల్లో లైట్లు ఆరలేదు. ఫుట్‌బాల్‌లో మార్కులతో నెగ్గొచ్చా! బెంచీ మీద కూర్చుని కూడా? ఇన్నాళ్ళూ ఈ సంగతి మనకెవరూ చెప్పలేదేం?

ఇక్కడి ప్రభుత్వానికీ చదువంటే గౌరవమే. ఒక్క సబ్జెక్టులో 70 మార్కుల కన్నా తగ్గితే ఆటకు దూరం పెట్టాలని 1984లోనే చట్టం చేశారు. అప్పుడు కోచ్‌లూ తల్లిదండ్రులూ పెట్టిన గగ్గోలు ఇంతా అంతా కాదు. తర్వాత 1995లో ఆ ఎడబాటును ఆరు వారాల నుంచి మూడుకు తగ్గించారు. ప్రజాస్వామ్యం బతికింది.

స్టేడియాల గురించి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. డాలస్‌కు ఉత్తరాన అలెన్ అనే ఊరు 2012లో సుమారు 6 కోట్ల డాలర్లు పెట్టి 18,000 సీట్ల స్టేడియం కట్టుకుంది. ఒక్క హైస్కూలు కోసం. రెండేళ్ళకే కాంక్రీటు పగిలింది. 2014 సీజన్‌కు గేట్లు మూసేశారు. జట్టు పక్క ఊళ్ళ మైదానాల్లో ఆడి, ఆ ఏడు కూడా రాష్ట్ర ఛాంపియన్ అయింది, వరుసగా మూడోసారి. గెలుపుకీ స్టేడియానికీ సంబంధం లేదని దీనివల్ల తేలిందని కొందరు తొందరపడ్డారు. పక్కనున్న మెకిన్నీ మాత్రం సరైన పాఠం నేర్చుకుంది. 2018లో దాదాపు 7 కోట్ల డాలర్లతో తన స్టేడియం తాను తెరిచింది. అక్కడ తెరవకముందే పగుళ్ళు కనిపించాయి. పోటీ అంటే అలా ఉండాలి.

తల్లిదండ్రుల త్యాగాలు వేరే చెప్పాలి. కొందరు పిల్లాడికి ఒళ్ళు, ఎత్తు రావాలని ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిస్తారు. మన ఊళ్ళల్లో పిల్లాణ్ణి తొందరగా బళ్ళో వేయడానికి పుట్టిన తేదీ ఏడాది వెనక్కి జరిపి రాయించిన నాన్నలకు ఇది వింతగా తోచొచ్చు. అక్కడ సర్టిఫికెట్‌లో వయసు పెంచారు, ఇక్కడ నిజంగానే పెంచుతున్నారు. నిజాయితీ ఎటు ఎక్కువుందో మీరే చెప్పండి. వేసవిలో అటు ఏడుగురు ఇటు ఏడుగురు ఆడే సెవెన్ ఆన్ సెవెన్ టోర్నీలు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు గంటకింత అని తీసుకునే ప్రైవేటు గురువులు, కాలేజీ కోచ్‌లు చూసే హడిల్ అనే వెబ్‌సైట్‌లో పెట్టడానికి హైలైట్ వీడియో. ఆ వీడియోలో ప్రతి ముక్కకూ ముందు పిల్లాడి చుట్టూ ఎర్ర సున్నా చుట్టాలి, లేకపోతే కాలేజీ కోచ్ పొరపాటున పక్కవాణ్ణి చూడొచ్చు.

ఇంత పకడ్బందీగా నడిచే వ్యవస్థను లోపల్నుంచి తొలిచేస్తున్న ఒక చీడ గురించి హెచ్చరించడానికే ఈ వ్యాసం. దాని పేరు ఇంట్రామ్యూరల్, అంటే బయటి జట్లతో కాకుండా ఒకే స్కూలు పిల్లలు తమలో తాము ఆడుకోవడం.

మా దగ్గర్లోని ఒక స్కూల్లో వారానికి రెండు రోజులు, బడి వదిలాక, వెనక మైదానంలో ఇది బాహాటంగా సాగుతోంది. జట్టులోకి ఎంపిక అయినవాళ్ళూ కానివాళ్ళూ అని లేదు, వచ్చినవాళ్ళంతా ఆడతారు. నడుముకు బెల్టు, బెల్టుకు అటూ ఇటూ రెండు గుడ్డ పీలికలు. బంతి ఉన్నవాడి పీలిక లాగేస్తే ఆట ఆగినట్టు. కింద పడెయ్యడం లేదు, పాన్‌కేకులు లేవు. రిఫరీగా కెమిస్ట్రీ టీచర్. ఆమెకు నియమాలు సగమే వచ్చు, ఆ సంగతి ఆమే చెబుతుంది. పిల్లలకీ అభ్యంతరం లేదు.

నేను కంచె బయట నిలబడి స్వయంగా చూశాను. బక్కపల్చటి పిల్లాడొకడు, కళ్ళజోడు తాడుతో కట్టుకుని, క్వార్టర్‌బ్యాక్‌గా ఆడుతున్నాడు. వాడు విసిరిన బంతి ఎటో పోయింది. వాడితోపాటు రెండు జట్లూ నవ్వాయి. తప్పు జరిగితే నవ్వడమా? అసలు జట్టులో ఆ చోటు కోసం ఆరో తరగతి నుంచి కష్టపడుతున్న పిల్లలు ఏమనుకోవాలి? తర్వాత వాడే వెళ్ళి రిసీవర్‌గా నిలబడ్డాడు, ఇంకొకడు విసిరాడు. ఒక స్థానం, ఒక స్పెషలైజేషన్, ఒక లక్ష్యం, ఏమీ లేదు. రేపు వీడి రెజ్యూమేలో ఏం రాసుకుంటాడు?

ఆట అయ్యాక ఒకణ్ణి ఆపి అడిగాను, "స్కోరెంత బాబూ?" అని. పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు, "మేమే గెలిచాం అనుకుంటా అంకుల్" అన్నాడు. అనుకుంటా! ఆరు వారాల లీగట, పాయింట్ల పట్టిక ఒక తెల్లబోర్డు మీద ఉండేదట, ఎవరో దాని మీద పిల్లి బొమ్మ గీస్తే ఆగిపోయిందట.

అన్నిటికన్నా కలవరపెట్టే విషయం మరొకటుంది. అక్కడ తల్లిదండ్రులు లేరు. కంచె బయట నేనొక్కణ్ణే. మడత కుర్చీలు లేవు, జట్టు కోసం తల్లిదండ్రులు నడిపే బూస్టర్ క్లబ్ నాచోస్ లేవు, "కమాన్ రిషీ, ఫోకస్!" అని అరిచే గొంతు లేదు. పిల్లలు పెద్దల సాయం లేకుండా సొంతంగా సంతోషపడుతున్నారు. తలకు దెబ్బల విషయం చూసుకోవడానికి ప్రతి స్కూలు జిల్లాలో (ఇది ఆటల గుంపు కాదు, ఒక ప్రాంతపు బడుల్ని నడిపే సంస్థ) వైద్యుడితో కూడిన బృందం ఉండాలని 2011లో టెక్సాస్ చట్టం చేసింది. అంత గొప్ప ఏర్పాటును ఈ పీలికల ఆట అసలు ఉపయోగించుకోవడమే లేదు. ప్రజాధనం వృథా.

నిషేధించమని అడగడం లేదు. నేను ఉదారవాదిని. క్రమబద్ధీకరించమంటున్నాను. ఏ జాబితాలోనూ పేరులేని పిల్లలు ఒకే స్కూల్లో వందల సంఖ్యలో తయారవుతుంటే స్కూల్ బోర్డు చూస్తూ ఊరుకోకూడదు. తక్షణం ఆల్ ఇంట్రామ్యూరల్ ఎంపిక సంఘం వేయాలి. ఫస్ట్ టీమ్, సెకండ్ టీమ్, ఆనరబుల్ మెన్షన్ తప్పనిసరి. పీలికలు లాగినవాళ్ళకు పీలికకో పాయింటు. నవ్వినవాళ్ళకు తగ్గింపు ఉండాలి. ఎంపిక మ్యాచ్‌లకు ముందు రెండు నెలల కోచింగ్, శని ఆదివారాలు. ఎంపికలో మిగిలిపోయిన పిల్లలు దిగులుపడకుండా, వాళ్ళు ఊరికే ఆడుకోవడానికి వెనక మైదానంలో ఒక మూల చూపిస్తే సరిపోతుంది. కొన్నాళ్ళకు దానికీ జాబితా వేద్దాం.

కెమిస్ట్రీ టీచర్‌ను మార్చనక్కర్లేదు. నియమాలు నేర్పిస్తే చాలు. సంఘం ఖర్చుల కోసం నామినేషన్ రుసుము పిల్లాడికి 25 డాలర్లు అని ప్రతిపాదిస్తున్నాను. స్కూలు అక్షరం కుట్టి ఉండే లెటర్ జాకెట్ మీద కుట్టించుకునే ప్యాచ్‌కు విడిగా చెల్లించాలి. ఇద్దరు పిల్లలున్న ఇంటికి రెండో రుసుములో పది శాతం తగ్గింపు. మా ఇంట్లో ఇద్దరు.