సాహసం ఆయనది, సంచి ఆమెది

భార్యాభర్తలు కలిసి సాహసయాత్రలకు పోవడం ఈ మధ్య మా తిరుపతిలో బాగా పెరిగింది. సంతోషం. ఒకప్పుడు కొత్తగా పెళ్లయిన జంట చేసే సాహసమంటే ఆడబిడ్డలందరికీ పెళ్లిళ్లయ్యేదాకా ఉమ్మడి కుటుంబంలో నోరు మూసుకుని ఉండటమే, ఇప్పుడు బూట్లు, టెంటు, మడత కుర్చీలు కొనుక్కుని కొండలూ సరస్సులూ సముద్రమూ అంటూ తిరుగుతున్నారు. అయితే ఈ యాత్రల్లో సాహసం ఎవరి ఖాతాలో పడుతుంది, సంచి ఎవరి భుజాన పడుతుంది అన్న కీలకమైన విషయం మీద మేధావులెవరూ దృష్టి పెట్టలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ నాలుగు ముక్కలు. ముందే చెప్పేస్తున్నా, నేను పూర్తిగా భర్తల పక్షం.

మొదట భూగోళం సంగతి. 2022 ఏప్రిల్ 4 దాకా మా ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. అల చూడాలంటే చెన్నైకో, నెల్లూరు మైపాడుకో పోవాలి. ఆ రోజు రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, నెల్లూరు వైపు నుంచి సూళ్లూరుపేట, దాంతో పాటే పులికాట్ సరస్సు తిరుపతి జిల్లాలోకి వచ్చి పడ్డాయి. గంగను దించడానికి భగీరథుడు ఎంతెంత తపస్సు చేశాడో గానీ మనకు బంగాళాఖాతం ఒక్క గెజిట్‌తో వచ్చేసింది. ఊరికే ఇస్తారా మరి, అదే రోజు మదనపల్లెతో పాటు హార్స్‌లీ కొండను తీసుకుపోయి అన్నమయ్య జిల్లాలో పెట్టారు. పాపం చిత్తూరు వాళ్లకు సముద్రమూ రాలేదు, ఆ కొండా మిగల్లేదు. కౌండిన్య అడవిలోని ఏనుగులు మాత్రం మిగిలాయి. పలమనేరు పక్క భార్యాభర్తలు పంట కాపాడుకోవడానికి పొలంలో మంట వేసుకుని, డబ్బాలు కొట్టుకుంటూ, రాత్రంతా ఆకాశం కిందే గడుపుతారు. దాన్ని ఎవరూ క్యాంపింగ్ అనరు, వాళ్ల దగ్గర టెంటు లేదు కదా.

ఇక మా జంట. మా పై అంతస్తులో ఉంటారు. చుట్టాలేమీ కాదు, వరసలు కలుపుకుని బావా అక్కా అని పిలుస్తుంటాను. బావ ప్రిపరేషన్ వేరే లెవెల్‌లో ఉంటుంది, గురువారం నుంచే రూటు మ్యాపు, వాతావరణం, ఏ చొక్కా వేసుకుంటే పచ్చదనంలో ఫొటో ఎలా పడుతుంది అన్నీ చూసుకుంటాడు. అక్క ప్రిపరేషన్ శుక్రవారం రాత్రి చింతపండు నానబెట్టడంతో మొదలవుతుంది. పులిహోర, పెరుగన్నం, చెనక్కాయల చట్నీ, బావ బీపీ మాత్రలు, దోమల మందు, ఇంట్లో ఉండే అత్తకు మధ్యాహ్నానికి అన్నమూ చారూ, పాలవాడికి ఫోను, పనమ్మాయికి ఫోను, తాళంచెవి ఎదురింట్లో ఇవ్వడం. ఇవన్నీ అయ్యాక పొద్దున కారు దగ్గర హారన్ కొడుతూ బావ అనే మాట ఒకటుంది, 'నీకు టైం సెన్స్ లేదే' అని. నాయకత్వ లక్షణమంటే అదే.

తలకోనకు నన్నూ తీసుకుపోయారు. జలపాతం 270 అడుగులు, రాష్ట్రంలో దీనికి మించిన ఎత్తు ఇంకోటి లేదంటారు. బావ చొక్కా విప్పి, కళ్లు మూసుకుని, ప్రకృతిలో లీనమయ్యాడు. లీనమైనట్టు వీడియో రావాలంటే ఎదురుగా ఎవరో ఒకరు ఫోను పట్టుకోవాలి కాబట్టి అక్క పాచిపట్టిన బండ మీద అటూ ఇటూ ఊగుతూ నిలబడింది. సరిగ్గా అప్పుడే ఒక కోతి వచ్చి క్యారియర్ ఉన్న సంచి పట్టుకుంది. ఒక చేత్తో ఫోను వదలకుండా, ఇంకో చేత్తో సంచి పిడి వదలకుండా, 'విడుస్తావా లేదా' అని అక్క దాంతో చాలాసేపు బేరమాడింది. ఆఖరికి పెరుగన్నం డబ్బా దానికి, పులిహోర డబ్బా మనకు అన్న ఒప్పందం మీద ఇద్దరూ విడిపోయారు. బావ కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, 'వీడియో షేక్ కాలేదు కదా?' రాత్రికి ఆయన పెట్టిన పోస్టులో ఈ ఘట్టం 'అడవిలో వన్యప్రాణితో ముఖాముఖి' అయింది. ముఖాల్లో ఒకటి కోతిది, రెండోది ఎవరిదన్న వివరం లేదు. ఇందులో ఆయన్ని తప్పు పట్టడానికేముంది, కళ్లు మూసుకున్న మనిషి ఆ మాత్రం రాయడమే గొప్ప.

తిరిగి వస్తూ బావకు ఇంకో ఆలోచన వచ్చింది, ఎవరూ పోని దారిలో శేషాచలం లోపలికి పోదామని. ఈ అడవి 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు, పర్మిషన్ లేకుండా కాలు పెట్టకూడదు. పైగా ఎర్రచందనం సొంతంగా మొలిచేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే, దాన్ని కాపాడటానికి తిరుపతిలో ఏకంగా ఒక టాస్క్‌ఫోర్సే ఉంది. చెక్‌పోస్టు దగ్గర బావ సంచి విప్పించారు. నైలాన్ తాడు, మడత కత్తి, తలకు కట్టుకునే టార్చిలైటు, రెండు మూడు రోజులకు సరిపడా బియ్యం. ఒక్కొక్కటే బయటికి తీసి వరసగా బల్ల మీద పెడుతున్నాడు అక్కడి ఉద్యోగి.

'ఇది సర్వైవల్ కిట్ సార్' అన్నాడు బావ.

'పట్టుబడినోళ్లంతా అదే చెప్తారు' అన్నాడాయన.

గొంతులో తడారిపోయింది బావకు. అక్క కారు దిగొచ్చి మాటా పలుకూ లేకుండా పులిహోర డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది. దుంగల కోసం పోయేవాడు పెళ్లాన్నీ పులిహోరనీ వెంటేసుకుని రాడని వాళ్లకు అర్థమైపోయింది. వెనక్కి పొమ్మన్నారు, పోతూ డబ్బా మాత్రం సగమైంది. అందుకే నేననేది, అడవికి పోయే ప్రతి మగవాడూ ఆధార్ కార్డు మర్చిపోయినా ఫర్వాలేదు గానీ భార్యను మర్చిపోకూడదు.

మెట్లెక్కే విషయంలో కూడా కొందరు భర్తలను అపార్థం చేసుకుంటారు. అలిపిరి దారిలో 3550 మెట్లు, బావ రెండు చేతుల్లో రెండు ట్రెక్కింగ్ కర్రలు, మణికట్టుకు గుండె లెక్కపెట్టే వాచీ. ఆయన పక్కనే పుంగనూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక ముసలామె, మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కుతోంది. అంటే 3550 సార్లు వంగి లేవాలి. జిమ్ములో దీనికే ఇంకో పేరు పెట్టి నెల నెలా ఫీజు తీసుకుంటారు. గాలిగోపురం దగ్గర బావ కూలబడి రొప్పుతుంటే ఆమె వచ్చి దాటుకుంటూ, 'యేం నాయనా, కాళ్లు బాలేవా?' అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పై మెట్టుకు పసుపు రాసుకుంటూ పోయింది. అక్క అప్పటికే పైన కుళాయి దాకా పోయి సీసా నింపుకుని కిందికి దిగొచ్చింది, అంటే ఆ ముక్క ఆమె రెండుసార్లు ఎక్కినట్టు. చేతికి వాచీ లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. బావ నీళ్లు తాగి, వాచీ చూసుకుని, 'పర్సనల్ బెస్ట్' అన్నాడు.

ఇదేమీ కొత్త పద్ధతి కాదు, చరిత్రలో ఆధారాలున్నాయి. హార్స్‌లీ కొండ పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయనీ, ఆమె అక్కడి కొండజనానికి మందూమాకూ చూసేదనీ, ఒకరోజు కనబడకుండా పోయిందనీ కథ. 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్‌లీ దొర కింది ఎండకు తాళలేక పైకొచ్చి బంగళా కట్టుకున్నాడు. నాలుగు వేల అడుగుల పైచిలుకు కొండ ఆయన పేరు మీదికి మారిపోయింది. చల్లగాలికి వచ్చినాయన పేరు బోర్డుల మీద ఉంది, అక్కడే బతికినామె పేరు గైడు గుర్తుకొస్తే చెప్తాడు. మన బావ అక్కడ వ్యూ పాయింట్ నుంచి లైవ్ పెడితే మాత్రం ఎందుకు నవ్వుతారు?

పులికాట్‌కు చలికాలంలో పోయారు. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్దది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, దూరంగా నీళ్ల మీద గులాబీరంగు గీతలా ఫ్లెమింగోలు. బావ బైనాక్యులర్ దించకుండా లెక్చర్ మొదలుపెట్టాడు, ఈ పక్షులు పుట్టుకతో ఈ రంగులో ఉండవట, తినే నాచూ చిన్న రొయ్యలూ వీటికి రంగు తెస్తాయట.

'తిన్నదాన్ని బట్టి రంగొస్తుందా? అయితే మీరు ఎర్రకారం రంగులో ఉండాల కదండీ' అంది అక్క, చట్నీ డబ్బా తెరుస్తూ.

శాస్త్రీయ దృక్పథం లేకపోవడమంటే ఇదే. బైనాక్యులర్ ఆమె చేతికి తిరుగు ప్రయాణంలో వచ్చింది, పెట్టెలో సర్దడానికి.

తూపిలిపాళెం బీచ్ గురించి ఎక్కువ చెప్పను. బావ సముద్రంతో పోరాడాడు. అక్క ఒడ్డున ఇసుకలో కూర్చుని ఆయన చెప్పులు, ఆయన కళ్లజోడు, ఆయన పర్సు ఒళ్లో పెట్టుకుని, కారు తాళం కొంగున ముడేసుకుని, ఇంకో చేత్తో వీడియో తీసింది. అల సరిగ్గా పడలేదని బావ మళ్లీ మళ్లీ తీయించాడు. చీకటిపడే వేళకు ఆయన శరీరమంతా ఇసుక, దాన్ని దులిపే బాధ్యత ఎవరిదో విడిగా రాయక్కర్లేదు. అందుకని పర్యాటక శాఖకు నా విన్నపం ఒక్కటే, జంటలకు అడ్వెంచర్ సర్టిఫికెట్ ఇచ్చే పథకమేదైనా పెడితే అందులో ఒక్క పేరుకే చోటు ఉంచండి. రెండో పేరు రాసే చోట సామాను జాబితా రాసుకోవచ్చు.

ఇంత సజావుగా సాగుతున్న వ్యవస్థకు మొన్న ఫాల్గుణ పౌర్ణమికి చిన్న దెబ్బ తగిలింది. తిరుమలలో తుంబురు తీర్థ ముక్కోటికి పోతున్నానని అక్క చెప్పింది. చెల్లెలు, తోడికోడలు, ఆమె. పాపవినాశనం దాటి అడవిలో రాళ్లూ వాగులూ తొక్కుకుంటూ నడవాలి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు రావద్దని టీటీడీ వాళ్లు చెప్తూనే ఉంటారు కాబట్టి బావ బీపీ మాత్రల సాకుతో ఆయన్ని ఇంట్లోనే ఉండమంది.

'మరి ఫొటోలు ఎవరు తీస్తారు?' అని అడిగాడట బావ. అక్క అప్పటికే చెప్పులేసుకుంటోంది.

ఆ పొద్దున గ్యాస్ లైటర్ ఎక్కడుంటుందో అడగడానికి ఆయన మా ఇంటికి దిగొచ్చాడు. ఆయన ఇంట్లో లైటర్ ఎక్కడుంటుందో నాకేం తెలుసు? మాది ఇచ్చి పంపాను. పైకి పోయి, ఇంగువ కోసం మళ్లీ దిగొచ్చాడు. ఆ తర్వాత అమ్మకు చారులో ఉప్పు ఎంత వేయాలో అడగడానికి. మూడోసారి గుమ్మం దగ్గర ఉండగా చేతి వాచీ కుయ్‌మంది, ఈరోజు మెట్ల లక్ష్యం పూర్తయిందని.