సంతకం పెట్టేముందు మమ్మల్నీ అడగండి

2023 నవంబర్ 12, ఆదివారం, దీపావళి. తలంట్లు అయిపోయాయి. స్టవ్ మీద బొబ్బట్లకి పూర్ణం దగ్గరపడుతోంది. మా అబ్బాయి ముందు రోజు రాత్రి, తను చదివే టెక్సస్ ఎ అండ్ ఎమ్ యూనివర్సిటీ ఉన్న కాలేజీ స్టేషన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసుకుని, అర్ధరాత్రి దాటాక డ్రైవ్ చేసుకుంటూ హ్యూస్టన్ పక్కనున్న కేటీకి, మా ఇంటికి వచ్చి పడుకున్నాడు. ఆ మ్యాచ్‌లో టెక్సస్ ఎ అండ్ ఎమ్ మిసిసిపీ స్టేట్‌ని 51-10తో చిత్తుగా ఓడించింది. వాడు నిద్ర లేచి, ఫోన్ చూసుకుంటూ మెట్లు దిగుతూ, "అమ్మా, మా కోచ్ జింబో ఫిషర్‌ని తీసేశారు" అన్నాడు.

గరిటె పక్కన పెట్టి నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతిచ్చి పంపిస్తున్నారు?"

వాడు చెప్పిన అంకెని మా మామగారు మళ్ళీ చెప్పించుకున్నారు. సుమారు 76 మిలియన్ డాలర్లు. అంటే ఏడు కోట్ల అరవై లక్షల డాలర్లు. అంతకు ముందు ఒక కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ని పంపించడానికి అయిన పెద్ద ఖర్చు 2020లో ఆబర్న్ యూనివర్సిటీ తన కోచ్ గస్ మాల్జాన్‌కి ఒప్పుకున్న 21.5 మిలియన్లు. ఇది దానికి మూడున్నర రెట్లు.

"పని చేస్తే జీతం ఇస్తారు. పని చెయ్యొద్దన్నందుకు కూడా ఇస్తారామ్మా?" అన్నారు మామగారు. ఆయన బాపట్ల దగ్గర ఊళ్ళో ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

మన సంఘంలో చాలామంది నన్ను అడుగుతుంటారు, "ఆ ఫుట్‌బాల్ గొడవ మనకెందుకండీ, మన పిల్లలు చదువుకోడానికి కదా వెళ్ళేది" అని. మన హ్యూస్టన్, డాలస్ ఇళ్ళలోంచి ఎంతమంది పిల్లలు ఆ యూనివర్సిటీకి వెళ్తున్నారో మీకు తెలుసు. నాకెందుకో మాత్రం చెప్తాను.

నేను 1999 ఆగస్టులో ఎమ్మెస్‌కి అక్కడ చేరాను. రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్, నెలకి వెయ్యి డాలర్లు కూడా రాని అసిస్టెంట్‌షిప్. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే అనుకుని వెళ్ళినదాన్ని. నవంబర్ 18 తెల్లవారుజామున బాన్‌ఫైర్ కూలిపోయింది. టెక్సస్ యూనివర్సిటీతో మ్యాచ్‌కి ముందు వెలిగించడానికి ఏటా స్టూడెంట్లే దుంగలు పేర్చి కట్టే పెద్ద భోగిమంట లాంటిది అది. 12 మంది చనిపోయారు, 27 మందికి గాయాలయ్యాయి. మా ల్యాబ్‌లో ఆ రోజు ఎవరూ పని చెయ్యలేదు. ఒక అమెరికన్ అమ్మాయి, అంతకు ముందు నాతో నాలుగు మాటలైనా మాట్లాడి ఉండదు, నా బల్ల దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఎనిమిది రోజుల తర్వాత, నవంబర్ 26న, మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో ఆ మ్యాచ్ జరిగింది. 20-16తో గెలిచాం. ఆట నాకు సగమే అర్థమైంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. మా ఊరు కాని ఊళ్ళో, నేనూ వీళ్ళలో ఒకదాన్నే అని మొదటిసారి అనిపించింది ఆ రోజే.

ఇప్పటికీ ఆ స్టేడియంలో స్టూడెంట్లు మ్యాచ్ అయ్యేదాకా కూర్చోరు. 1922 జనవరిలో డాలస్‌లో జరిగిన మ్యాచ్‌లో ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి తప్పుకుంటుంటే, స్టాండ్స్‌లో ఉన్న ఇ. కింగ్ గిల్ అనే స్టూడెంట్‌ని కోచ్ కిందికి పిలిచాడు. అతను డ్రెస్ వేసుకుని, అవసరమైతే దిగడానికి ఆట చివరిదాకా పక్కనే నిలబడ్డాడు. దిగాల్సిన అవసరం రాలేదు. కానీ నిలబడి ఉన్నాడు. మైదానంలో ఒక టీమ్‌కి ఆడేది పదకొండు మంది. అందుకే అక్కడి జనాన్ని పన్నెండో మనిషి అంటారు. లక్షా రెండు వేల మందికి పైగా పట్టే స్టేడియం అది. సెప్టెంబర్ ఎండలో ఆ అల్యూమినియం బెంచీల మీద నాలుగు గంటలు నిలబడి చూడండి, కాళ్ళు ఎలా పీకుతాయో. అవసరమైతే దిగడానికి సిద్ధంగా ఉన్నాం అని చెప్పడమే ఆ నిలబడటం. అలాంటి జనానికి కోచ్ ఎంపికలో ఒక్క మాట అడిగే హక్కు లేదంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు, పని చెయ్యొద్దన్నందుకు కూడా డబ్బిస్తారా అన్న మామగారి ప్రశ్నకి వస్తాను.

ఫిషర్‌ని 2017 డిసెంబర్‌లో తెచ్చుకున్నారు. ఫ్లోరిడా స్టేట్‌లో 2013 సీజన్‌కి జాతీయ చాంపియన్‌షిప్ గెలిపించిన కోచ్. పదేళ్ళకి 75 మిలియన్ డాలర్లు, మొత్తం గ్యారంటీ. మధ్యలో తీసేస్తే మిగిలిన ఏళ్ళ డబ్బంతా కట్టాలి. అతను ఇంకోచోట ఉద్యోగంలో చేరినా ఒక్క డాలరు తగ్గదు. వచ్చిన కొత్తలోనే యూనివర్సిటీ సిస్టమ్ చాన్సలర్ జాన్ షార్ప్ అతనికి ఒక ఫలకం బహూకరించారు. దాని మీద జాతీయ చాంపియన్లు అని చెక్కించి, సంవత్సరం దగ్గర 20 అని వేసి, ఆ పక్కన ఖాళీ వదిలారు. గెలిచాక నింపుకోవాలని. ఆ ఫోటో చూసి మేమందరం ఎంత సంబరపడ్డామో నాకు గుర్తుంది. ఇవాళ తల్చుకుంటే బాధేస్తుంది. సీమంతానికి ముందే ఉయ్యాల కట్టుకున్నాం.

2020లో తొమ్మిది గెలిచి ఒకటే ఓడి, దేశంలో నాలుగో ర్యాంక్ వచ్చింది. నిజంగా బాగా ఆడారు. ఆ మరుసటేడు, 2021లో, పాత ఒప్పందం ఇంకా చాలా ఏళ్ళు మిగిలి ఉండగానే దాన్ని 2031 దాకా పొడిగించి, జీతం ఏడాదికి 9 మిలియన్ డాలర్లకి పెంచారు. అదీ పూర్తి గ్యారంటీతోనే. అతన్ని ఎవరైనా ఎగరేసుకుపోతారేమో అన్న భయం తప్ప దానికి నాకు కారణం కనిపించదు. భయంతో పెట్టిన సంతకం అది.

2022 సెప్టెంబర్‌లో అప్పలాచియన్ స్టేట్ వచ్చింది. చిన్న టీమ్. మా స్టేడియంలో ఆడినందుకు వాళ్ళకి 15 లక్షల డాలర్లు ఇచ్చి పిలిపించుకున్నాం. 17-14తో ఓడిపోయాం. మా అబ్బాయి అప్పుడు ఫ్రెష్‌మన్, అంటే మొదటి ఏడాది. స్కోరుబోర్డు ఆరిపోయినా కదలకుండా అలాగే నిలబడ్డాడు. నేను భుజం తడితే, "వీళ్ళకి ఆడటం వచ్చు అమ్మా, ఏం ఆడాలో చెప్పేవాళ్ళే లేరు" అన్నాడు. దేశంలోనే మొదటి ర్యాంక్ వచ్చిన రిక్రూటింగ్ క్లాసు, అంటే కొత్తగా చేర్చుకున్న ఆటగాళ్ళ జట్టు, ఆ ఏడే చేరింది. ఆ ఏడే అయిదు గెలిచి ఏడు ఓడి ముగించాం. ఆరేళ్ళకి ఫిషర్ లెక్క 45 గెలుపులు, 25 ఓటములు. మరీ తీసిపారేసే లెక్కేమీ కాదు, కానీ ఇచ్చిన డబ్బుకి తగిన లెక్క అసలే కాదు.

తీసేసిన రోజు అథ్లెటిక్ డైరెక్టర్ రాస్ బ్యోర్క్ చెప్పిందేంటంటే, మొదటి విడత విరాళాల సొమ్ములోంచి కడతాం, మిగతాది అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ ఏటా కట్టుకుంటూ పోతుంది అని. మొదటి విడత దాదాపు 19 మిలియన్లు, ఆ తర్వాత 2031 దాకా ఏటా సుమారు 7.2 మిలియన్లు. చదువుల సొమ్ము ముట్టుకోం అన్నారు. నమ్ముతాను. కానీ ఆదాయం పెంచుకుని, ఖర్చులు సర్దుకుని కడతాం అని కూడా అన్నారు. ఆ ఆదాయం ఎవరి జేబులోంచి వస్తుంది? టికెట్టు, పార్కింగు, పిల్లలు కొనుక్కునే స్పోర్ట్స్ పాస్. ఇవన్నీ మనం కట్టేవే.

ఇంకో అంకె పక్కన పెట్టి చూడండి. 2025 నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చని కోర్టు సెటిల్‌మెంట్ వచ్చింది. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 20.5 మిలియన్లు, అన్ని ఆటల పిల్లలకీ కలిపి. ఇంట్లో కూర్చోమని ఒక్క మనిషికి ఇచ్చింది దానికి మూడు రెట్లు దాటింది. మోకాళ్ళు విరగ్గొట్టుకునే పిల్లలకి లెక్కపెట్టి ఇస్తాం, వెళ్ళిపోయే కోచ్‌కి లెక్క చూడకుండా ఇస్తాం. ఇది నాకు మింగుడుపడదు.

ఇక ఫిషర్‌ని తీసేసిన రెండు వారాల తర్వాతి సంగతి. నవంబర్ 25, శనివారం. థాంక్స్‌గివింగ్‌కి వచ్చిన చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. ఆ రోజు ఎల్ఎస్‌యూ (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) చేతిలో 42-30తో ఓడాం. రాత్రి భోజనాలయ్యే వేళకి, కొత్త కోచ్‌గా కెంటకీ నుంచి మార్క్ స్టూప్స్ వస్తున్నాడని వార్తలు మొదలయ్యాయి. మా అబ్బాయి ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. ఫ్రెండ్స్, సీనియర్లు, ఎప్పుడో పాసైపోయి సియాటిల్లో ఉద్యోగం చేస్తున్నవాళ్ళు, అందరిదీ ఒకటే మాట, మాకొద్దు అని. జనం ఆగ్రహం రెండు మూడు గంటల్లో ఎక్కడిదాకా వెళ్ళిందంటే, ఆ రాత్రే స్టూప్స్ తాను కెంటకీలోనే ఉంటున్నానని ప్రకటించాడు. ఇంకో రెండు రోజులకి, 27న, డ్యూక్‌లో ఉన్న మైక్ ఎల్కోని తీసుకున్నారు. అంతకు ముందు నాలుగేళ్ళు ఫిషర్ కింద మా డిఫెన్స్ చూసుకున్న మనిషే.

ఆ రాత్రి గురించి నా అభిప్రాయం మా ఇంట్లోనే చాలామందికి నచ్చదు. ఆ కోపం న్యాయమైనదే, కానీ తప్పు మనిషి మీద పడింది. స్టూప్స్ ఏం చేశాడు? 2013 నుంచి కెంటకీలో ఉన్నాడు. ఆ టీమ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ గెలుపులు అతనివే, పేరుమోసిన పాత కోచ్ బేర్ బ్రయంట్‌ని కూడా దాటాడు. ఆ బ్రయంట్ కూడా కెంటకీ నుంచే 1954లో మా దగ్గరికి వచ్చాడు. పైగా ఆ శనివారం పగలే స్టూప్స్ లూయివిల్‌ని 38-31తో గెలిచి వచ్చాడు. అలాంటి మనిషిని మూడు గంటలసేపు మావాళ్ళు అన్న మాటలు ఇక్కడ రాయలేను. అతని పిల్లలు కూడా అవి చదివే ఉంటారు. మా అబ్బాయి కూడా ఒకటి రెండు రాశాడు, నేను తీయించాను.

ఇవాళ అందరూ ఆ రాత్రి తాము చేసిందే రైటని చెప్పుకుంటున్నారు. ఎల్కో 2025లో వరసగా పదకొండు మ్యాచ్‌లు గెలిపించాడు, జాతీయ చాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి తీసుకెళ్ళాడు. అటు స్టూప్స్‌ని కెంటకీ ఆ సీజన్ అవ్వగానే పంపించేసింది. చూశారా ఆంటీ, అంటారు మావాడి ఫ్రెండ్స్. నేనొకటే అడుగుతాను. ఆ రాత్రి కాగితం మీద సంతకాలు ముందే అయిపోయి ఉంటే? మనకి తెలిసేలోపే గ్యారంటీ రాసి ఇచ్చేసి ఉంటే? 2017లో, 2021లో జరిగింది అదే కదా. అప్పుడు ఒక్క మనిషి కూడా నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. కోచ్ పేరు నచ్చింది కాబట్టి కాగితంలో ఏముందో ఎవరూ చూడలేదు. నచ్చని పేరు వచ్చినప్పుడు మాత్రం ఊరంతా ఒక్కటైంది.

నేను అక్కడ అడుగుపెట్టేనాటికి కోచ్ ఆర్.సి. స్లోకమ్. పద్నాలుగేళ్ళలో 123 గెలుపులు, ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటీ లేదు. 2002లో ఆయన్నీ పంపించేశారు. ఇంకా పెద్దదేదో కావాలని. ఆ తర్వాత ఫ్రాంచియోనీ, షెర్మన్, సమ్లిన్, ఫిషర్. ప్రతిసారీ ఈయనే మన మనిషి అన్నారు. కాన్ఫరెన్స్ టైటిల్ (మేం ఆడే యూనివర్సిటీల లీగ్‌లో మొదటి స్థానం) మాత్రం 1998 తర్వాత రాలేదు.

2025 నవంబర్‌లో, సీజన్ ఇంకా నడుస్తుండగానే, ఎల్కోకి ఆరేళ్ళ కొత్త ఒప్పందం ప్రకటించారు. ఎల్కో అంటే నాకు గౌరవం. డిసెంబర్ 20న ప్లేఆఫ్ మ్యాచ్‌లో మయామీ చేతిలో 10-3తో ఓడినప్పుడు కూడా నేను కైల్ ఫీల్డ్‌లోనే ఉన్నాను, ఒక్క మాట కూడా అతన్ని అనలేదు. కానీ ఆ ఒప్పందం వార్త చూసినప్పుడు మా ఇంట్లో అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు గుండెల్లో టెన్షన్ మొదలైంది. గెలుస్తున్నప్పుడే కదా మనం అడగడం మానేసేది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఎ అండ్ ఎమ్ ప్రభుత్వ యూనివర్సిటీ. దాన్ని నడిపే బోర్డులో తొమ్మిది మంది రీజెంట్లు ఉంటారు, వాళ్ళని నియమించేది గవర్నర్. కోచ్‌ని వాళ్ళే ఎంచుకోనివ్వండి, ఆట తెలిసినవాళ్ళ పని అది. కానీ బోర్డు ఓటు వెయ్యకముందే రెండు లైన్లు అందరికీ కనపడేలా పెట్టాలి. తీసేస్తే ఏ ఏడాదికి ఎంత కట్టాలి, అతనికి ఇంకో ఉద్యోగం దొరికితే అందులో ఎంత తగ్గుతుంది. చదువుకోడానికి ఒక వారం టైమివ్వాలి. పిల్లల తరఫున ఒకరిని, టికెట్లు కొనేవాళ్ళ తరఫున ఒకరిని మాట్లాడనివ్వాలి. కోచ్ చేజారిపోతాడు, వారం ఆగడం కుదరదు అంటారు. ఆ తొందరకి అయిన ఖరీదు 76 మిలియన్లు.

మామగారు ఈ సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడు అడిగారు, "ఆ కోచ్‌కి ఇంకా కడుతున్నారా అమ్మా?" అని. కడుతున్నారు మామయ్యగారూ, 2031 దాకా కడతారు అన్నాను. మా అబ్బాయి ఈ మే నెలలో డిగ్రీ పుచ్చుకుని బయటికి వస్తాడు. వాడు వచ్చేసినా ఇంకా అయిదేళ్ళు ఆ చెక్కులు వెళ్తూనే ఉంటాయి.

రీజెంట్లకి రాసిన ఉత్తరం నా దగ్గర సిద్ధంగా ఉంది. ఒక్క పేజీ. ఈ నెల సంఘం సమావేశానికి పట్టుకొస్తాను. ఎ అండ్ ఎమ్‌లో చదివినవాళ్ళు, పిల్లల్ని చదివిస్తున్నవాళ్ళు చదివి, నచ్చితే కింద సంతకం చెయ్యండి.