అరగంటలో మూడు డోసులు

రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి జబ్బుకు టీకా పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుందని వైద్య గ్రంథాలు ఇప్పటికీ మొండిగా చెబుతున్నాయి. మొదటి డోసు ఇవాళ వేస్తే రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు వేయాలట. ఈ పాతకాలపు పద్ధతిని మన నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి అరగంటకు కుదించిందనీ, ఆ అద్భుతం జరుగుతున్నప్పుడు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూసే భాగ్యం నాకు దక్కిందనీ పాఠకులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ జరిగింది. డిశ్చార్జి కాగితాల కోసం నేను మూడో అంతస్తులో సిస్టర్ల గది ముందు పడిగాపులు కాస్తున్నాను. మర్నాడు నాణ్యతా ధ్రువపత్రం ఇచ్చే బృందం తనిఖీకి వస్తున్నదని తెలిసి, హౌస్‌కీపింగ్ సిబ్బందికి యుద్ధప్రాతిపదికన టీకాలు రాయడం మొదలుపెట్టారు. 'వేయడం' అనబోయి పొరపాటున 'రాయడం' అన్నానని అనుకోకండి.

బల్ల మీద జిగురు కూడా ఆరని కొత్త రిజిస్టరు ఒకటి వెలిసింది. దాని ముందు కూర్చున్న సూపర్‌వైజరు సామాన్యుడు కాడు. ఆయన దగ్గర మూడు పెన్నులున్నాయి. మొదటి డోసు పాతది కనుక సిరా అయిపోయి గీరుకుపోతున్న నీలం పెన్ను, రెండో డోసుకు నల్లది, మూడో డోసు ఇటీవలిది కనుక నిగనిగలాడే కొత్త నీలం పెన్ను. పనివాళ్లు వరుసలో వచ్చి మూడు గడుల్లో మూడు సంతకాలు పెట్టి పోతున్నారు. సంక్రాంతి తర్వాత పనిలో చేరిన ఒక అమ్మాయికి అంతకు ముందరి దసరాకే మొదటి డోసు పడింది. పని మానేసి ఊరెళ్లిపోయిన ఒకతని తరఫున లిఫ్టు దగ్గరి కుర్రాడు సంతకం పెట్టి రోగనిరోధక శక్తిని అతని ఊరికి పంపించాడు. బ్యాచ్ నంబరు రాయాల్సి వచ్చినప్పుడు కింద మందుల కొట్టు నుంచి ఒక ఖాళీ అట్టపెట్టె తెప్పించి, దాని మీదున్న అంకెలను అందరికీ, మూడు డోసులకూ ఎక్కించారు. అది పిల్లల దగ్గు మందు పెట్టె అని నాకు కనిపిస్తూనే ఉంది గానీ, డిశ్చార్జి కాగితాలు వాళ్ల చేతిలో ఉన్నాయి కనుక నోరు మెదపలేదు.

చిక్కల్లా వేలిముద్ర వేసేవాళ్లతో వచ్చింది. స్టాంపు ప్యాడు ఒక్కటే ఉంది, దాని రంగు ఒక్కటే. మూడు డోసులకు మూడు ముద్రలూ ఒకేలా పడితే తనిఖీవాళ్లకు అనుమానం వస్తుందని సూపర్‌వైజరు చాలాసేపు ఆలోచించి, మొదటి డోసుకు ఎడమ బొటనవేలు, రెండో డోసుకు కుడి బొటనవేలు అని తీర్మానించాడు. మూడో డోసుకు ఏ వేలన్న ప్రశ్న మీద సిస్టరుకూ ఆయనకూ అభిప్రాయభేదం వచ్చింది. చివరికి ప్యాడు మీద కాసిని నీళ్లు చిలకరించి రంగు పల్చన చేయడంతో సమస్య సామరస్యంగా పరిష్కారమైంది. ఈ వైరస్ ఆచూకీ పట్టిన బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి ఇచ్చారు, ఆయన పుట్టినరోజైన జులై 28ని ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు. స్టాంపు ప్యాడు మీద నీళ్లు చల్లినాయనకు కనీసం శాలువా అయినా కప్పరా?

ఇంతకీ ఈ టీకా వేయాలని చెప్పిన చట్టమేదైనా ఉందా అని అమాయకులు అడుగుతారు. ఉంది. వెతకాల్సిన చోటే కొంచెం వేరు. అది ఆరోగ్య శాఖ పెట్టిన నిబంధన కాదు, పర్యావరణ శాఖ 2016 మార్చి 28న ప్రకటించిన జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమావళిలో ఉంది. అంటే ఆసుపత్రి చెత్తను ఏ రంగు సంచిలో వేయాలో చెప్పే చట్టంలో, ఆ చెత్తను ముట్టుకునే ఆరోగ్య సిబ్బందికీ 'ఇతరులకూ' హెపటైటిస్ బి, ధనుర్వాతం వంటి వ్యాధులు సోకకుండా టీకాలు వేయించాలని ఒక వాక్యం ఉంది. ఆసుపత్రి ఊడ్చే మనిషి మన చట్టం కంటికి కనబడాలంటే చెత్త సంచి పట్టుకుని రావాలి. సంచికి మాత్రం ఏ లోటూ లేదు. దానికి బార్‌కోడు ఉంది, ఎప్పుడు ఎక్కడికి పోయిందో లెక్క ఉంది, శుద్ధి చేయని చెత్త 48 గంటలకు మించి ఉండకూడదన్న గడువూ ఉంది. మనిషికి కాంట్రాక్టు ఏజెన్సీ ఉంది. టీకా ఎవరు వేయించాలని అడిగితే ఆసుపత్రి ఏజెన్సీ వైపు, ఏజెన్సీ ఆసుపత్రి వైపు వేలు చూపుతాయి, ఆ రెండు వేళ్ల మధ్య 'ఇతరులు' నిలబడి ఉంటారు. ఈ నియమాలను మీరితే జైలు అన్న పాత మాటను 2023 నాటి జన విశ్వాస్ చట్టం తీసేసి జరిమానాతో సరిపెట్టింది. విశ్వాసం ఎవరి మీదో చట్టం పేరులోనే ఉంది కదా.

మన ప్రభువులకు పారిశుద్ధ్య కార్మికులంటే గౌరవం లేదని మాత్రం ఎవరూ అనలేరు. 2021 జనవరి 16న కోవిడ్ టీకా మొదలైనప్పుడు ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదటి సూది వేయించుకున్నది పారిశుద్ధ్య కార్మికుడే. మన గాంధీ ఆసుపత్రిలోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ ఆ గౌరవం పారిశుద్ధ్య కార్మికురాళ్లకే దక్కింది. కెమెరాలు వచ్చాయి, చప్పట్లు మోగాయి. హెపటైటిస్ బి చేసిన పాపమల్లా కెమెరాలను వెంటబెట్టుకు రాకపోవడం. ఇక 2022 మే 2న సుప్రీంకోర్టు ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద మన ఆసుపత్రులకు ఎంత భక్తి అంటే, పనివాళ్లకు ఎక్కడ బలవంతం అనిపిస్తుందోనని వాళ్ల కంట సిరంజీ కూడా పడనివ్వవు. వద్దనే హక్కు వాడుకోవాలన్నా ముందు ఎవరో ఒకరు 'వేయించుకుంటావా?' అని అడగాలి కదా. అమెరికాలో 1991 నుంచి యజమాని ఈ టీకాను ఉచితంగా ఇవ్వజూపాలి, వద్దంటే వద్దని రాయించుకోవాలి. మన దగ్గర అడగకుండానే వేసినట్టు రాయించుకుంటారు.

ఆ వరుసలో నాలుగో మనిషిగా నిలబడ్డ ఆమెను నేను ముందు రోజు సాయంత్రమే చూశాను. మా వార్డులో మామూలు చెత్త సంచి మూతి ముడివేస్తుండగా ఆమె బొటనవేలిలో సూది దిగింది. సూదులు వేయాల్సిన తెల్ల డబ్బా మూరెడు దూరంలో ట్రాలీకే వేలాడుతున్నది. అది ఏ రోగికి వాడిన సూదో ఎవరికీ తెలియదు. "సబ్బు పెట్టి కడుక్కో, ఏం కాదు" అన్నాడు సూపర్‌వైజరు. పెద్ద ప్రమాదాలను అధికారులకు తెలపాలని అదే నియమావళి చెబుతుంది, చెత్త లారీ బోల్తా పడితే అది పెద్ద ప్రమాదం, సూది గుచ్చుకుంటే కాదని నిర్వచనంలోనే రాసి పెట్టారు. రోగి రక్తంలో వైరస్ ఉండి, ఈమెకు టీకా లేకపోతే, జబ్బు సోకే అవకాశం నూటికి 6 నుంచి 30 వరకు ఉంటుంది. అలాంటివాళ్లకు వీలైతే 24 గంటల్లోపే ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల సూది, వేసి, టీకా మొదలుపెట్టాలి. ఇప్పుడు ఆమె గుండె దడతో క్యాజువాలిటీకి వెళ్లిందనుకోండి, డ్యూటీ డాక్టరు ఏం చేస్తాడు? రిజిస్టరు తెప్పిస్తాడు. మూడు డోసులూ పడ్డాయి కదమ్మా, భయం లేదు పో, అంటాడు. ఇది కాగితం మీది అబద్ధం కాదు, ఆమెకు దక్కాల్సిన వైద్యాన్ని ఆమె వేలిముద్రతోనే దొంగిలించడం. ఈ టీకాను 1997లోనే హైదరాబాద్‌లో తయారు చేసి, సామాన్యుడికి అందే ధరకు దించి, ప్రపంచానికి అమ్మి గర్వపడ్డాం. అదే హైదరాబాద్‌లో, మా అత్తగారి బిల్లులో ఒక్క చేతితొడుగులకే వేసిన మొత్తంతో ఆ వరుసలో సగంమందికి మూడు డోసులూ వేయించవచ్చు. వేయించలేదు. సిగ్గులేనితనానికి ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు, సంపాదకులు మన్నించాలి.

ముద్రలు వేసి వచ్చాక ఆమె వేళ్లకంటిన సిరా చీర కొంగుకు తుడుచుకుంటూ నా కుర్చీ దగ్గర ఆగింది.

"సారూ, నా పేరు కాడ ఏం రాసిన్రు?"

తొంగి చూసి చెప్పాను. హడావిడిలో సూపర్‌వైజరు ఆరు నెలల లెక్క తప్పాడు. ఆమెకు మూడో డోసు వచ్చే నెల పద్నాలుగో తేదీన వేసేసినట్టు ఉంది.

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

"అయితే గా దినం నాగా పెట్టొద్దన్నట్టు."