టిక్కీ కింద నడుం

సీజన్ ఊపందుకుంటే గుంటూరు మిర్చి యార్డుకు రోజుకు లక్షకు పైగా టిక్కీలు, అంటే ఎండుమిర్చి బస్తాలు, వచ్చే రోజులుంటాయి. ఒక్కో టిక్కీ దాదాపు 40 కిలోలు తూగుతుంది. ట్రాక్టర్ మీంచి దిగేటప్పుడు అది ఒక హమాలీ వీపెక్కుతుంది. కాటా దగ్గర మరోసారి, లారీకి ఎత్తేటప్పుడు ఇంకోసారి, కోల్డ్ స్టోరేజీలో పేర్చేటప్పుడు మళ్లీ. ధరలు, ఎగుమతులు, తేజ రకం గిరాకీ గురించి ఏటా పేజీలు నింపుతున్నాం. ఈ మోతలో పట్టేసే నడుముల గురించి మేమూ రాయాల్సినంత రాయలేదు.

మంటలు లేచినా, ప్రాణం పోయినా దాన్ని ప్రమాదం అంటాం. నడుం పట్టడం, వేలు నలగడం, కాలు జారడం, కంట్లో రవ్వ పడడం మాత్రం 'చిన్న దెబ్బ'. బామ్ రాసుకుని, నొప్పి మాత్ర మింగి మనిషి మర్నాడు మళ్లీ పనికొస్తాడు. రాకపోతే ఆ రోజు కూలి లేదు. అలా మానని నడుం మీదే కొత్త బరువు పడుతుంది.

ఎత్తే బరువు ఒంటికి ఎంత ఎడంగా ఉంటే వెన్నుపూసల మధ్య డిస్కుల మీద ఒత్తిడి అంత పెరుగుతుంది. ఎత్తుతూ నడుం తిప్పితే మరీ చెరుపు. 'మోకాళ్లు వంచి ఎత్తండి' అని బోర్డు పెట్టినంత మాత్రాన ఇది తీరదు. కూలి టిక్కీల లెక్కన వస్తున్నప్పుడు నెమ్మదిగా, జాగ్రత్తగా ఎత్తినవాడికి సాయంత్రం డబ్బు తగ్గుతుంది. అందుకే ముందు మారాల్సింది పని అమరిక. టిక్కీని నేల మీంచి కాక నడుమెత్తు బల్ల మీంచి అందుకునేలా చేయాలి. తలెత్తు దాటి పేర్చాల్సిన చోట బెల్టు యంత్రం ఉండాలి. సిమెంటు నేల మీద రాలిన ఎండుకాయల మీద కాలు ఇట్టే జారుతుంది, వాటిని ఊడ్చే మనిషిని పెట్టాలి. ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సూచించింది. టిక్కీ అంతకంటే తక్కువే కదా అనేవారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే మనిషి ఎన్ని టిక్కీలు మోస్తున్నాడో కూడా లెక్క చెప్పాలి.

అసలు హమాలీకి యజమాని ఎవరు? రైతా, కమీషన్ ఏజెంటా, ఖరీదుదారా, మార్కెట్ కమిటీయా? బరువు అందరిదీ, దెబ్బ ఒక్కడిది. యార్డు నడిపేది మార్కెట్ కమిటీ కనుక బాధ్యత అక్కడే మొదలవ్వాలని మేం గట్టిగా అడుగుతున్నాం.

విజయవాడ ఆటోనగర్‌లో వాహనాల మరమ్మతు షెడ్లలో దెబ్బతినేది నడుముకు బదులు కన్ను. వెల్డర్ ముఖానికి అద్దం అడ్డుపెట్టుకుంటాడు, పక్కన ఇనుము పట్టుకున్న హెల్పర్ కుర్రాడికి ఏమీ ఉండదు. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. అప్పటికప్పుడు తెలియదు, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. గ్రైండర్ నుంచి ఎగిరిన ఇనుప రవ్వను తోటి పనివాడు రుమాలు కొసతో తీస్తాడు. అది కంటి డాక్టరు చేయాల్సిన పని. పెద్ద డిస్కు పట్టడం కోసం గ్రైండర్ గార్డు విప్పేయడం మరీ ఘోరం, డిస్కు పగిలితే ముక్క నేరుగా ముఖానికే వస్తుంది.

చట్టం ఈ షెడ్లకు ఇంకాస్త దూరం జరిగింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ప్రకారం, కరెంటుతో నడిచే చోట 20 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ. 1948 నాటి చట్టంలో ఆ సంఖ్య 10. దెబ్బలు ఎక్కువగా తగిలే చిన్న షెడ్లను తనిఖీకి ఇంకా దూరం చేసే ఈ మార్పు మాకు సమ్మతం కాదు.

మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం. యార్డు కిటకిటలాడే రోజులు అవి. ఆ రోజు బ్యానర్ కట్టి ప్రతిజ్ఞ చేయించే బదులు, మార్కెట్ కమిటీ దెబ్బల కోసం ఒక పుస్తకం తెరవాలి. ఎవరికి, ఏ షెడ్డులో, ఏ పని చేస్తుండగా, ఏ దెబ్బ తగిలిందో ముఠా మేస్త్రీలే రాయాలి, రాయించినవాడి కూలి కోయకూడదు. నెల తిరిగేసరికి ఏ మెట్టు దగ్గర ఎక్కువమంది జారుతున్నారో తేలుతుంది. ముందు ఆ మెట్టు బాగుచేయాలి.