ఏ స్థానానికి బేరం, ఏ స్థానానికి డ్రాఫ్ట్: ఫిలడెల్ఫియా ఈగల్స్ లెక్క

2025 ఫిబ్రవరి 9న న్యూ ఓర్లీన్స్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఫైనల్‌లో, ఫిలడెల్ఫియా ఈగల్స్ 40-22తో కాన్సస్ సిటీ చీఫ్స్‌ను చిత్తు చేసింది. వరుసగా మూడో టైటిల్‌పై కన్నేసిన చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) ప్యాట్రిక్ మహోమ్స్‌ను ఆ రాత్రి ఈగల్స్ ఆరుసార్లు నేలకూల్చింది. ఆ ఆరు సాక్‌లు ఎవరి ఖాతాలో పడ్డాయో చూడాలి. జోష్ స్వెట్‌కు రెండున్నర, మిల్టన్ విలియమ్స్‌కు రెండు, జోర్డన్ డేవిస్‌కు ఒకటి, జేలిక్స్ హంట్‌కు అర (ఇద్దరు కలిసి కూలిస్తే చెరి సగం). నలుగురూ కాలేజీ ఆట ముగించుకొని డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ద్వారా ఈగల్స్‌లో చేరి, అక్కడే పెరిగినవాళ్లు. ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకడం కోసమే, పదకొండు నెలల ముందు మూడేళ్లకు 5.1 కోట్ల డాలర్ల ఒప్పందంతో బయటి నుంచి తెచ్చుకున్న బ్రైస్ హఫ్‌కు ఆ మ్యాచ్ ఆడే జాబితాలో చోటే దక్కలేదు.

ఈగల్స్ విజయాన్ని చాలామంది రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకొని పరుగెత్తే ఆటగాడు) సాక్వాన్ బార్‌క్లీ కథగా, 'భారీ సంతకం ఫలించింది' అన్న ఒక్క మాటతో ముగిస్తున్నారు. అది సగం నిజం మాత్రమే. జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ 2024లో చేసిన పనిని మొత్తంగా చూస్తే ఒక విభజన కనిపిస్తుంది. మార్కెట్‌లో ధర మండిపోతున్న స్థానాలను డ్రాఫ్ట్ ద్వారా నింపుకోవడం, మార్కెట్ చిన్నచూపు చూస్తున్న స్థానాలకు మాత్రం ఫ్రీ ఏజెన్సీలో, అంటే ఒప్పందం ముగిసిన ఆటగాళ్ల మార్కెట్‌లో, బేరమాడడం. ఈ సూత్రానికి కట్టుబడిన ప్రతిచోటా ఆయన గెలిచారు. దాన్ని తప్పిన ఒకే ఒక్క పెద్ద సందర్భం హఫ్.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన మన పాఠకులకు ఈ లీగ్ పద్ధతి కొంత వింతగా తోస్తుంది. ఐపీఎల్‌లో పద్దెనిమిదేళ్ల కుర్రాడి కోసం కూడా ఫ్రాంచైజీలు పోటీపడి ధర పెంచవచ్చు. ఎన్ఎఫ్ఎల్‌లో కొత్తగా వచ్చే ఆటగాళ్లకు వేలం ఉండదు. ముందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి ఎంపిక, విజేతకు చివరి ఎంపిక దక్కుతాయి. 2011లో కుదిరిన కార్మిక ఒప్పందం తర్వాత, ఎంపికైన ఆటగాడి జీతం అతని ఎంపిక సంఖ్యను బట్టి దాదాపు ముందే తేలిపోతోంది. ఒప్పందం నాలుగేళ్లు, మూడు సీజన్లు పూర్తయ్యేదాకా దాన్ని తిరగరాయడానికి వీల్లేదు. మరోవైపు జట్టు మొత్తం జీతాలపై కచ్చితమైన పరిమితి ఉంది. 2024లో ఆ శాలరీ క్యాప్ 25.54 కోట్ల డాలర్లు. అంటే, డ్రాఫ్ట్‌లో దొరికిన మంచి కుర్రాడు మూడు, నాలుగేళ్లపాటు తన అసలు విలువలో కొద్ది భాగానికే ఆడతాడు. అలా మిగిలిన డబ్బే ఫ్రీ ఏజెన్సీకి పెట్టుబడి అవుతుంది.

2023 సీజన్ ముగిసిన తీరు చూస్తే ఈగల్స్‌కు ఆ పెట్టుబడి ఎంత అవసరమైందో తెలుస్తుంది. పది గెలుపులు, ఒక ఓటమితో (10-1) మొదలైన జట్టు 11-6తో ముగిసి, ప్లేఆఫ్స్ తొలి మ్యాచ్‌లోనే టాంపా బే చేతిలో 32-9తో ఓడింది. మధ్యలో డిఫెన్స్ పగ్గాలు చేతులు మారినా ఫలితం లేకపోయింది. పాస్‌లను ఆపడంలో ఆ డిఫెన్స్ లీగ్ అట్టడుగున ఉండిపోయింది. ఆ వెంటనే అఫెన్స్ లైన్ మధ్యలో నిలబడే సెంటర్ జేసన్ కెల్సీ, డిఫెన్సివ్ ట్యాకిల్ ఫ్లెచర్ కాక్స్ రిటైరయ్యారు. డిఫెన్స్‌ను చక్కదిద్దడానికి కోచ్ విక్ ఫాంజియోను, అఫెన్స్‌కు కెలెన్ మూర్‌ను తెచ్చుకున్నారు. ఈ స్థితిలో ఇంకో జట్టయితే పాత పేర్ల మీద డబ్బు కుమ్మరించి ఏడాది గండం గట్టెక్కితే చాలనుకునేది.

బార్‌క్లీ విషయానికి వద్దాం. రన్నింగ్ బ్యాక్‌లకు డబ్బు పెట్టడం దండగ అన్న అభిప్రాయం అప్పటికి లీగ్‌లో పాతుకుపోయింది. 2018 డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా బార్‌క్లీని తీసుకున్న న్యూయార్క్ జెయింట్స్, 2023లో క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కు నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్లు ఇచ్చి, బార్‌క్లీని మాత్రం ఏడాది ట్యాగ్‌తో (ఆటగాడు మార్కెట్‌కు వెళ్లకుండా ఏడాది ఆపే హక్కు) కట్టేసింది. మరుసటి మార్చిలో ఆ ట్యాగ్ కూడా వేయకుండా మార్కెట్‌కు వదిలేసింది. ఈగల్స్ అతనికి మూడేళ్లకు 3.775 కోట్ల డాలర్లు, అందులో 2.6 కోట్లకు హామీ ఇచ్చింది. బార్‌క్లీ ఫిలడెల్ఫియాకు వెళితే తనకు నిద్ర పట్టడం కష్టమని జెయింట్స్ యజమాని జాన్ మారా తన జనరల్ మేనేజర్‌తో అన్న మాట, ఆ వేసవిలో ప్రసారమైన డాక్యుమెంటరీ సిరీస్‌లో లోకమంతా విన్నది. సీజన్ ముగిసేసరికి బార్‌క్లీ 2,005 గజాలు పరుగెత్తాడు. ప్లేఆఫ్స్‌తో కలిపితే 2,504. ఒక సీజన్‌లో అంతవరకూ టెరెల్ డేవిస్ పేరిట ఉన్న 2,476 గజాల రికార్డు చెరిగిపోయింది. జెయింట్స్ 3-14తో ముగిసింది, జోన్స్‌ను సీజన్ మధ్యలోనే వదులుకుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, న్యూయార్క్‌లో ఆరేళ్లలో ఒక్కసారి కూడా 1,400 గజాలు దాటని ఆటగాడు ఉన్నట్టుండి మారిపోలేదు. అతని ముందు నిలబడిన మనుషులు, అంటే అఫెన్సివ్ లైన్, మారారు. ఆస్ట్రేలియా రగ్బీ నుంచి వచ్చి 2018లో ఏడో రౌండ్‌లో ఎంపికైన జోర్డన్ మైలాటా, రెండో రౌండ్‌లో దొరికిన ల్యాండన్ డికర్సన్, కెల్సీ వారసుడిగా ముందే 2022లో తెచ్చిపెట్టుకున్న కామ్ జర్గెన్స్, 2013 నుంచీ కుడివైపు కాపు కాస్తున్న లేన్ జాన్సన్. ఇది డ్రాఫ్ట్‌తో, లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌ల్యాండ్ చేతులమీదుగా తయారైన గోడ. ఆ గోడ లేని జట్టు ఇదే ధరకు బార్‌క్లీని కొని ఉంటే ఇంత ఫలితం వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. రెండోది, ఒప్పందంలో ఎక్కువ భాగాన్ని బోనస్‌గా మార్చి తర్వాతి సంవత్సరాల క్యాప్‌పై పంచడం వల్ల, 2024లో అతని క్యాప్ భారం 40 లక్షల డాలర్లకు మించలేదు. లీగ్‌లో అత్యుత్తమ రన్నింగ్ బ్యాక్ ఆ ఏడాది పద్దుల్లో ఒక సాధారణ బెంచి ఆటగాడి ఖర్చుతో కనిపించాడు.

అయితే ఆ మార్చిలో జరిగిన అన్ని సంతకాల్లోనూ నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది బార్‌క్లీ సంతకం కాదు, జాక్ బాన్‌ది. న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ 2020లో మూడో రౌండ్‌లో తీసుకున్న బాన్, నాలుగేళ్లూ ఎక్కువగా స్పెషల్ టీమ్స్‌లోనూ (కిక్‌ల సమయంలో దిగే బృందాలు), లైన్ అంచున నిలబడి క్వార్టర్‌బ్యాక్ మీదికి వెళ్లే పాత్రలోనూ గడిపాడు. అంచున నిలబడడానికి కావలసిన దేహం అతనికి లేదు. ఈగల్స్ ఏడాది ఒప్పందంతో 35 లక్షల డాలర్లకు తెచ్చుకున్నప్పుడు ఆ వార్త పట్టించుకున్నవారే లేరు. ఫాంజియో అతణ్ని అంచు నుంచి లోపలికి జరిపి, లైన్‌బ్యాకర్‌గా లైన్ వెనుక ఐదారు గజాల దూరంలో నిలబెట్టాడు. ముందుకు దూకే అలవాటును మార్చి, ఆట ఎటు కదులుతుందో చదివి ఆ దిక్కుకు పరుగెత్తే పని అప్పగించాడు. అంచున చిన్నదిగా అనిపించిన దేహం మధ్యలో వేగమైన దేహంగా మారింది. సీజన్‌లో 151 ట్యాకిల్స్, ఆల్ ప్రో (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాళ్ల ఎంపిక) తొలి జట్టులో చోటు, సూపర్ బౌల్‌లో మహోమ్స్ బంతిని నేలకు తగలకముందే అందుకున్న ఇంటర్‌సెప్షన్. ఒక ఆటగాణ్ని కొనేటప్పుడు అతను ఇప్పటివరకు చేసిన పనిని గాక చేయగలిగిన పనిని చూడడం, దానికి తగ్గ కోచ్‌ను ముందే పక్కన పెట్టుకోవడం ఫ్రీ ఏజెన్సీలో అరుదుగా కనిపించే నైపుణ్యం.

మెకై బెక్టన్‌ది కూడా ఇదే కోవ. 2020లో న్యూయార్క్ జెట్స్ పదకొండో ఎంపికగా తీసుకున్న ఈ భారీకాయుడు గాయాలతో, విమర్శలతో నలిగిపోయి ఏడాది ఒప్పందంతో వచ్చాడు. అతను ఎప్పుడూ ఆడని గార్డ్ స్థానంలో (లైన్‌లో సెంటర్ పక్కన) స్టౌట్‌ల్యాండ్ నిలబెడితే, ఆ ఏడాది విజేత జట్టులో రెగ్యులర్ అయ్యాడు.

హఫ్ సంతకం ఈ వరుసలో ఇమడదు. లైన్ అంచు నుంచి దూకే ఎడ్జ్ రషర్ అంటే క్వార్టర్‌బ్యాక్ తర్వాత మార్కెట్ అత్యధికంగా చెల్లించే స్థానాల్లో ఒకటి. అక్కడ బేరం దొరకదు. ఫ్రీ ఏజెన్సీ దాకా వచ్చినవాడిలో మాతృజట్టు చూసిన లోపం ఏదో ఒకటి ఉంటుంది. జెట్స్‌లో అతను కొన్ని సందర్భాల్లోనే మైదానంలోకి దిగి, పాస్ ఆటల్లో మాత్రమే దూకేవాడు. రన్‌ను కూడా ఆపాలి, అప్పుడప్పుడు వెనక్కి తగ్గి కవర్ చేయాలి అనే ఫాంజియో పద్ధతిలో అతనికి చోటు కుదరలేదు. సీజన్ మొత్తానికి రెండున్నర సాక్‌లు. మరుసటి ఏడాది అతణ్ని శాన్ ఫ్రాన్సిస్కోకు పంపేశారు. 2025 మార్చిలో బాన్‌కు ఈగల్స్ ఇచ్చిన కొత్త ఒప్పందం విలువ కూడా మూడేళ్లకు 5.1 కోట్ల డాలర్లే. అదే మొత్తాన్ని ఒకసారి అంచనా మీద, మరోసారి రుజువు మీద ఖర్చు పెడితే తేడా ఎలా ఉంటుందో ఈ రెండు ఒప్పందాలు పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

ఇక డ్రాఫ్ట్. 2002లో లీటో షెపర్డ్ తర్వాత 2024 దాకా ఈగల్స్ మొదటి రౌండ్‌లో కార్నర్‌బ్యాక్‌ను (పాస్ అందుకునే ప్రత్యర్థులను కాపు కాసే ఆటగాడు) తీసుకోలేదు. లైన్ల మీద పెట్టిన పెట్టుబడికి ఇది మరో ముఖం. ముందు వరుస గట్టిగా ఉంటే వెనుక వరుస ఎలాగోలా సర్దుకుంటుందన్న ధీమా. 2023 ఆ ధీమాను బద్దలు కొట్టింది. 2024 ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో, 22వ ఎంపిక వరకు ఆగి టొలీడో యూనివర్సిటీ కార్నర్‌బ్యాక్ క్వినియన్ మిచెల్‌ను తీసుకున్నారు. పైకి ఎగబాకడానికి అలవాటుపడిన రోజ్‌మన్ ఈసారి కదలకుండా కూర్చున్నారు, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్‌ల కోసం, అఫెన్స్ ఆటగాళ్ల కోసం మిగతా జట్లు ఎగబడడంతో మొదటి డిఫెన్స్ ఆటగాడు ఎంపికయ్యేసరికే పద్నాలుగు ఎంపికలు అయిపోయాయి. మరుసటి రోజు మాత్రం ఆగలేదు. వాషింగ్టన్‌కు 50, 53వ ఎంపికలు ఇచ్చి 40వ స్థానానికి ఎక్కి, అయోవా ఆటగాడు కూపర్ డిజీన్‌ను పట్టుకున్నారు. కాలేజీ చివరి సీజన్‌లో కాలు విరగడం వల్లనే డిజీన్ అంతదాకా మిగిలాడు.

డిజీన్‌ను వెంటనే బరిలోకి దించలేదు. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో జట్టు 2-2తో తడబడింది. విరామ వారం తర్వాత స్లాట్ స్థానం (మైదానం లోపలి వైపు కార్నర్‌బ్యాక్ చోటు) అతనికి అప్పగించారు. ఆ తర్వాతి పదమూడు మ్యాచ్‌ల్లో ఈగల్స్ ఒక్కటే ఓడింది. ప్రత్యర్థులకు ఇచ్చిన గజాల లెక్కలో ఆ డిఫెన్స్ లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచింది. సూపర్ బౌల్ రెండో క్వార్టర్‌లో, తన ఇరవై రెండో పుట్టినరోజున, మహోమ్స్ వేసిన బంతిని మధ్యలో లాక్కొని 38 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసినవాడు ఈ డిజీనే. మిచెల్ నాలుగేళ్ల ఒప్పందం మొత్తం కలిపినా 1.5 కోట్ల డాలర్లు దాటదు. అదే సంవత్సరం డెన్వర్ తన కార్నర్‌బ్యాక్ ప్యాట్రిక్ సర్టెయిన్‌కు నాలుగేళ్లకు 9.6 కోట్ల డాలర్లు ఇచ్చింది. బార్‌క్లీని కొనడానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు అంకెల మధ్య ఉంది.

ఇలా చెప్పినంత మాత్రాన ఈ పద్ధతికి ఖర్చు లేదని కాదు. బోనస్‌ను గరిష్ఠంగా ఐదేళ్లపై పంచవచ్చన్న నిబంధనను రోజ్‌మన్ అంచు దాకా వాడుకుంటున్నారు. ఆటగాడు జట్టులో ఉండని ఏళ్లను కూడా ఒప్పందం చివర పేరుకు జోడించి భారాన్ని వాటిమీదకు నెడుతున్నారు. ఆటగాడు వెళ్లిపోయిన రోజున ఆ మిగులంతా ఒకేసారి క్యాప్ మీద పడుతుంది. ఏటా క్యాప్ పెరుగుతున్నంత కాలం ఇది చెల్లుబాటవుతుంది. 2025లో అది 27.92 కోట్లకు చేరింది. కానీ వెనక నుంచి తక్కువ జీతాల కుర్రాళ్లు వస్తూ ఉండకపోతే ఈ వాయిదాలు మోయడం ఎవరివల్లా కాదు. ఒక్క డ్రాఫ్ట్ విఫలమైతే దాని దెబ్బ ఆ ఏడాదిది కాదు, నాలుగేళ్లది.

2025 మార్చిలో ఆ పరీక్ష మొదలైంది. సూపర్ బౌల్‌లో నాలుగున్నర సాక్‌లు పంచుకున్న ఇద్దరూ వెళ్లిపోయారు. మిల్టన్ విలియమ్స్‌కు న్యూ ఇంగ్లండ్ నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లు, స్వెట్‌కు అరిజోనా 7.64 కోట్లు ఇచ్చాయి. బెక్టన్ చార్జర్స్‌కు చేరాడు. 2024లో తిరిగి తెచ్చుకున్న సేఫ్టీ (డిఫెన్స్ చివరి వరుస ఆటగాడు) సి.జె. గార్డ్‌నర్-జాన్సన్‌ను, ఆరు ఇంటర్‌సెప్షన్లు చేసిన సీజన్ వెంటనే, హ్యూస్టన్‌కు ఇచ్చేశారు. అభిమానుల ఆగ్రహం సహజమే అయినా, విలియమ్స్‌ను ఆ ధరకు ఆపి ఉంటే రేపు డిఫెన్సివ్ ట్యాకిల్ జేలెన్ కార్టర్‌కు ఇవ్వాల్సిన దానిలో కోత పడేది. పైగా వెళ్లిపోయిన ఫ్రీ ఏజెంట్లకు బదులుగా లీగ్ తర్వాతి డ్రాఫ్ట్‌లో అదనపు ఎంపికలు ఇస్తుంది. తెచ్చుకున్నవారికన్నా పోగొట్టుకున్నవారి విలువ ఎక్కువైతేనే అవి దక్కుతాయి. కాబట్టి ఊరుకోవడం కూడా అక్కడ ఒక ఎత్తుగడే.

నాకు అంగీకారం లేనిది మరోచోట ఉంది. అదే మార్చిలో బార్‌క్లీకి ఇంకా రెండేళ్ల ఒప్పందం మిగిలి ఉండగానే, 4.12 కోట్ల డాలర్లతో మరో రెండేళ్లు పొడిగించారు. రన్నింగ్ బ్యాక్‌ను తక్కువ ధరకు కొన్నందుకు గెలిచిన జట్టు, అత్యధిక ధర చెల్లించే జట్టుగా మారింది. ప్లేఆఫ్స్‌తో కలిపి నాలుగు వందలకు పైగా సార్లు బంతి మోసిన ఆటగాడి శరీరం మరుసటి ఏడాది ఎలా ఉంటుందో ఆటలో అందరికీ తెలుసు. 2025లో గాయాలతో లైన్ చెదిరింది, బార్‌క్లీ పాత అంకెల దరిదాపులకు రాలేదు. అదే సీజన్‌లో ఈగల్స్ ప్లేఆఫ్స్ తొలి మ్యాచ్‌లోనే శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో ఓడింది. కృతజ్ఞతతో ఇచ్చిన డబ్బు మీద నాకు వ్యక్తిగతంగా గౌరవమే, కానీ జట్టు నిర్మాణంలో అది హఫ్ తర్వాత రెండో తప్పటడుగు.

2026 సీజన్ ముగిసేసరికి మిచెల్, డిజీన్ ఇద్దరికీ మూడేళ్లు పూర్తయి కొత్త ఒప్పందానికి అర్హత వస్తుంది. కార్టర్ వాళ్లకన్నా ఏడాది ముందే ఆ గడప దాటాడు. లేన్ జాన్సన్ 1990లో పుట్టినవాడు. ముగ్గురు యువకులకూ మార్కెట్ ధర చెల్లించక తప్పదు, చెల్లించాలి కూడా, ఎందుకంటే డిఫెన్సివ్ లైన్ మధ్యలోంచి దూకే రషర్, కార్నర్‌బ్యాక్ స్థానాలకు ఫ్రీ ఏజెన్సీలో ప్రత్యామ్నాయం దొరకదు. ఆ డబ్బు లైన్‌బ్యాకర్, సేఫ్టీ, రన్నింగ్ బ్యాక్ స్థానాల నుంచే రావాలి. తొలి రెండు రౌండ్ల ఎంపికలు వరుసగా కొన్నేళ్లపాటు అఫెన్సివ్ లైన్‌కే వెళ్లాలి.