‘ద లెఫ్టోవర్స్’ మీద తిరుగుతున్న సందేశానికి నా జవాబు

రెండు వారాలుగా మా ముమ్మిడివరం చుట్టుపక్కల విశ్వాసుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. నాకే ఆరుగురు పంపారు. అందులో మా పెద్దమ్మ ఉంది, చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు కంఠత వాక్యాలు నేర్పిన మాస్టారూ ఉన్నారు. బయటివాళ్లెవరో పంపితే తీసేసి ఊరుకునేదాన్ని. వీళ్లు పంపారు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

సందేశం చెప్పేది ఇది. ‘ద లెఫ్టోవర్స్’ అనే అమెరికా సీరియల్ సంఘం ఎత్తబడటాన్ని, అంటే ప్రభువు విశ్వాసుల్ని రెప్పపాటులో తన దగ్గరికి తీసుకుపోతాడన్న నమ్మకాన్ని, ఎగతాళి చేస్తోందట. దైవజనుణ్ణి అవమానిస్తోందట. అక్టోబర్ 14 అనే తేదీతో రహస్య సంకేతం ఇస్తోందట. చివరికి దేవుడే లేడని తేలుస్తుందట. బొమ్మల్ని పూడ్చిపెట్టడం చూపించి క్షుద్రవిద్య నేర్పుతుందట. చూసిన విశ్వాసి విశ్వాసంలోంచి పడిపోతాడట.

నేను ఆ సీరియల్ మొత్తం చూశాను, 28 భాగాలూ. 2014 జూన్ నుంచి 2017 జూన్ దాకా మూడు సీజన్లుగా హెచ్‌బీవో అనే అమెరికా చానల్లో వచ్చింది. టామ్ పెరోటా 2011లో రాసిన నవల దానికి ఆధారం. ఆయనా, డేమన్ లిండెలాఫూ కలిసి దాన్ని టీవీకి మలిచారు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేది కాదు. ఒంటిమీద బట్టల్లేని దృశ్యాలున్నాయి, కొట్టుకోవడం ఉంది. ఆ కారణంగా చూడొద్దని ఎవరైనా అంటే నేను వాదించను. సందేశంలో ఉన్నవి మాత్రం వేరే మాటలు.

“ఎత్తబాటును ఎగతాళి చేస్తోంది.”

కథలో 2011 అక్టోబర్ 14న ప్రపంచ జనాభాలో రెండు శాతం మంది, అంటే 14 కోట్ల మంది, రెప్పపాటులో మాయమవుతారు. మొట్టమొదటి దృశ్యంలోనే ఒక తల్లి కారు వెనక సీట్లో పడుకోబెట్టిన పసిబిడ్డ మాయమవుతాడు. భక్తులు పోతారు, దేవుడి పేరెత్తనివాళ్లూ పోతారు, మంచివాళ్లూ చెడ్డవాళ్లూ పోతారు. ఇది మన లేఖనంలో చెప్పిన ఎత్తబాటు కాదని ఆ కథే గట్టిగా చెబుతుంది. దేన్ని చూపించలేదో దాన్ని ఎగతాళి చేసిందని ఎలా అంటాం?

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. రహస్య రాకడ గురించి, అంటే ఈ ఎత్తబాటు గురించి, మన అసెంబ్లీలో (మన బ్రదరన్ సంఘంలో) వినే బోధ క్రైస్తవులందరిదీ అని సందేశం రాసినవారు అనుకుంటున్నారు. దాన్ని అంతగా వ్యాప్తిలోకి తెచ్చినవాడు జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడు, 1830లలో, బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ సహవాసాల్లో. ఆ సహవాసాలకే చెందిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చాయి. నరసాపురం, పాలకొల్లుల్లో వాళ్లు మొదలుపెట్టిన పనే గోదావరి డెల్టా మిషన్. ఆ బోధ మనదాకా వచ్చింది అలా. రాజమండ్రి లూథరన్లను అడగండి, కథోలికులను అడగండి, రెండవ రాకడను వాళ్లూ నమ్ముతారు గాని రహస్యంగా ఎత్తబడటం గురించి బోధించరు. వాళ్లు అవిశ్వాసులా?

నేను పెరిగింది ఆ బోధలోనే. మూడో తరగతిలో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, ఇంట్లో ఎవరూ లేరు. అందరూ ఎత్తబడ్డారు, నన్ను వదిలేశారు అనుకుని వీధిలోకి పరిగెత్తి ఏడ్చాను. అమ్మ పెరట్లో కొబ్బరాకు చీరుతూ కూర్చుంది. ఆ భయం ఎంత నిజమైనదో నాకు తెలుసు. ఆ సీరియల్లో అలాంటి భయాన్ని చూసి ఎవరూ నవ్వలేదు.

“దైవజనుణ్ణి అవమానిస్తోంది.”

మ్యాట్ జేమిసన్ అనే పాదిరిగారి గురించి ఈ మాట. ఆయన్ని జనం కొడతారు, నిజమే. ఎందుకు కొడతారో సందేశం చెప్పలేదు. మాయమైనవాళ్లందరూ పరిశుద్ధులని ఊరు నమ్ముతుంటే, వాళ్లలో ఎవరెవరు ఏ పాపం చేశారో ఆయన కరపత్రాలు అచ్చేసి పంచుతాడు. ఆయన పద్ధతి నాకు నచ్చలేదు. చనిపోయారో లేదో కూడా తెలియని మనిషి తప్పులు ఆ ఇంటివాళ్ల ముందు పరచడం క్రూరం. కానీ ఆ రోజు ఎదురు కారు నడుపుతున్న మనిషి మాయమైపోతే, ఆ కారు వచ్చి గుద్దుకుని ఆయన భార్య మంచానపడింది. ఆమెకు తినిపిస్తూ, స్నానం చేయిస్తూ, పక్కన కూర్చుని ప్రార్థిస్తూ కనిపిస్తాడాయన. నేను చూసిన సీరియళ్లలో ఇంతకంటే కష్టపడి దేవుణ్ణి పట్టుకుని వేలాడిన పాత్ర ఇంకోటి లేదు.

ఆయన వాదన కూడా వాక్యానికి దూరమైంది కాదు. “సిలోయములోని గోపురము పడి చచ్చిన ఆ పదునెనిమిదిమంది, యెరూషలేములో కాపురమున్న వారందరికంటె అపరాధులని తలంచుచున్నారా?” అని లూకా 13లో ప్రభువే అడిగారు. పోయినవాళ్లను బట్టి గాని, మిగిలినవాళ్లను బట్టి గాని పుణ్యపాపాల లెక్క కట్టొద్దు.

“అక్టోబర్ 14 సంకేతం.”

మత్తయి 24:36 చాలు. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవు. అమెరికా బోధకుడు విలియం మిల్లర్ అనుచరులు ప్రభువు వచ్చేది 1844 అక్టోబర్ 22న అన్నారు, తెల్లారింది. అక్కడి రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, ఆ తర్వాత అక్టోబర్ 21కి మార్చాడు, అదీ గడిచిపోయింది. కల్పిత కథలోంచి తేదీ తీసి సంఘంలో భయం పుట్టించడం విశ్వాసులు చేయాల్సిన పని కాదు.

“దేవుడు లేడని తేలుస్తుంది.”

ఏమీ తేల్చదు. చూసినవాళ్లలో చాలామందికి కోపం వచ్చింది కూడా అందుకే. ఆ మనుషులు ఎందుకు పోయారో చెప్పబోమని లిండెలాఫ్ ముందే అన్నా జనం జవాబు కోసం ఎదురుచూశారు. మొదటి సీజన్ చూసి ఇంత దుఃఖం భరించలేమని అక్కడే ఆపేసినవాళ్లూ ఉన్నారు. ముగింపు తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఈ పేరా వదిలేయండి. చివరి భాగంలో నోరా అనే ఆవిడ, మాయమైన తన పిల్లలు ఉన్న చోటికి వెళ్లి వాళ్లను దూరం నుంచి చూసి తిరిగొచ్చానని చెబుతుంది. ఆ చోటు మనకు తెరమీద కనిపించదు. ఆమె మాట మాత్రమే ఉంది. ఎదురుగా కూర్చున్న కథానాయకుడు కెవిన్ నిన్ను నమ్ముతున్నానంటాడు. ఆమె చెప్పింది నిజమా కాదా అని చూసినవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

అదే కెవిన్ మొదటి సీజన్ చివర ఒక శవాన్ని పాతిపెట్టేటప్పుడు, పాదిరిగారు చేతికిస్తే, యోబు 23వ అధ్యాయం చదువుతాడు. “నేను తూర్పుదిశకు వెళ్లినను ఆయన అచ్చట లేడు.” చదువుతూ చదువుతూ ఏడ్చేస్తాడు. మన బైబిల్లో ఉన్న మాటే కదా అది. అలా ప్రశ్నించిన యోబే తన గురించి యుక్తమైనది పలికాడని దేవుడు చివరికి అన్నాడు. అన్నిటికీ సమాధానాలు చెప్పేసిన స్నేహితుల మీద కోపించాడు. 42వ అధ్యాయం తీసి చూడండి.

“బొమ్మల్ని పూడ్చే క్షుద్రవిద్య.”

ఇన్ని మాటల్లో నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

సీరియల్లో ఒక కంపెనీ మాయమైనవాళ్ల పోలికలతో బొమ్మలు తయారుచేసి అమ్ముతుంది. శవం లేదు, సమాధి చేయడానికి ఏదో ఒకటి కావాలి, అందుకని. దూరదేశపు వింతలా అనిపిస్తోందా? 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణంగా మన తీరం దాటింది. కొబ్బరితోటలు లక్షల చెట్లు నేలకొరిగాయి. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్లలో వేటకెళ్లినవాళ్లు వెళ్లినట్టే పోయారు. వందల మంది జాలర్ల శవాలు దొరకలేదు.

మా వీధి చివర ఉండే అత్త పెనిమిటి, పెద్దకొడుకు ఒకే బోటులో వెళ్లారు. బొట్టు తీయాలో వద్దో ఎవరూ చెప్పలేకపోయారు. ఏడేళ్లు కబురు లేకపోతే మనిషి చనిపోయినట్టు భావించవచ్చని అప్పటి సాక్ష్యాల చట్టం, 108వ సెక్షన్ చెప్పేది. అడగాల్సినవాళ్లు వచ్చి అడిగారు, ఏ రోజు వెళ్లాడు, ఏ చొక్కా వేసుకున్నాడు, ఎవరు చూశారు అని. సీరియల్లో నోరా చేసే ఉద్యోగం సరిగ్గా ఇదే, కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడగడం. ఆమె పోగొట్టుకున్నది భర్తనీ ఇద్దరు పిల్లల్నీ. మూడేళ్ల తర్వాత కూడా ఆ పిల్లలు తినే సరుకులు కొనుక్కొచ్చి, పాతవి తీసేసి, కొత్తవి సర్దుతుంది. మా అత్త రాత్రిపూట రెండు కంచాల అన్నం ఎక్కువ వండడం నేను కళ్లారా చూశాను.

చాలా ఏళ్లకు పురోహితుడు వచ్చి దర్భలతో రెండు బొమ్మలు కట్టించాడు. శవం దొరకనివాళ్లకు అలాగే చేస్తారు. ఏటిగట్టు మీద వాటికి నిప్పు పెట్టారు. ఆ సాయంత్రం అత్త మొదటిసారి గట్టిగా ఏడ్చింది. మేం క్రైస్తవులం, ఆ కర్మ మాది కాదు. అయినా మా నాన్న గట్టు మీదే నిలబడ్డాడు, మంట ఆరేదాకా.

విశ్వాసులు ఏడవకూడదని కూడా సందేశం చివర ఒక ముక్క ఉంది. థెస్సలొనీకయులకు పౌలు రాసింది “నిరీక్షణలేని యితరులవలె” దుఃఖపడవద్దని. దుఃఖమే వద్దని ఆయన అనలేదు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు.

మాస్టారూ, మీరు ఈ సీరియల్ చూడక్కర్లేదు, ఎవర్నీ చూడమని చెప్పక్కర్లేదు. ఆ సందేశం మళ్లీ ఎవరికైనా పంపేటప్పుడు బొమ్మల గురించిన ఆ వాక్యం మాత్రం తీసేయండి. మీరు పంపిన గ్రూపులో ఆ అత్త కోడలు ఉంది. ఆ బొమ్మల్లో ఒకటి ఆవిడ భర్తది.